తొరపల్లి మునసబుగారి కుమారుడు

రాయకోట స్టేషనులో బెంగుళూరు వైపు పోయే బండి ఎక్కితే హోసూరు చేరడానికి ఎంతో సేపు పట్టదు. ఆ హోసూరుకు సమీపాన తొరపల్లి అనే పల్లెటూరు ఉన్నది. ఆ ఊళ్లో ఒక పాత ఇంటిని ప్రభుత్వంవారు స్మారక చిహ్నంగా కాపాడుతూ వస్తున్నారు. హోసూరులో కర్మాగారాలు వెలసిన తరువాత ఉద్యోగాల నిమిత్తం ఆంధ్రదేశం నుండి వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలో చాలామంది ఆ ఇల్లు చూసి ఉండరు. చూసినవారిలో కూడా కొందరికి, ఆ ఇంట పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారిగారంటే మనకు మద్రాసు దక్కనీయని మనిషి అన్న ఒక్క సంగతే జ్ఞాపకం. అది అబద్ధం కాదు. అయితే అంతటితో ఆ జీవితం ముగియలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన అరుగుల మీద, ఎవరికి వేసినా ఒకటేనన్న నిట్టూర్పు వినబడుతూనే ఉంటుంది గనుక, ఆ విషయమై జీవితమంతా తంటాలు పడిన ఈ మనిషి కథను ఉగాది సంచికలో చెప్పుకోవడం అనుచితం కాదని మేము తలచాము.

రాజాజీ 1878 డిసెంబరు 10వ తేదీన జన్మించారు. తండ్రిగారు ఆ గ్రామానికి మునసబు. ఆ కాలంలో మునసబుగిరీ అంటే శిస్తు వసూలు, చిన్న తగవుల పరిష్కారం, పైనుండి వచ్చే అధికారులకు ఏర్పాట్లు. ప్రభుత్వం అనే పెద్ద యంత్రానికి కిందికొసన ఉండే చిన్న చక్రమన్నమాట. చిన్ననాటనే కుటుంబం హోసూరుకు రావడంతో రాజాజీ అక్కడి బడిలో చదువుకున్నారు. తరువాత బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో పట్టం పుచ్చుకొని, మద్రాసులో న్యాయశాస్త్రం ముగించి, 1900 ప్రాంతాన సేలంలో వకీలు వృత్తి మొదలుపెట్టారు. అప్పటికి హోసూరు, కృష్ణగిరి, రాయకోట అన్నీ సేలం జిల్లాలోనివే. ధర్మపురి జిల్లా 1965లోను, కృష్ణగిరి జిల్లా 2004లోను వేరుపడ్డాయి.

ప్రజల ఓటుతో రాజాజీకి మొదటి పరిచయం సేలం పురపాలక సంఘంలోనే కలిగింది. 1911లో సభ్యులై, 1917 నుండి 1919 వరకు అధ్యక్షులుగా ఉన్నారు. హరిజనులలో ఒకరు మొట్టమొదట ఆ సంఘంలో సభ్యత్వం పొందడానికి వారే కారకులు. వీధి దీపాలు, మంచినీళ్లు, మురుగు కాలువలు చూసే ఈ చిన్న సభలో కూర్చున్న మనిషి తరువాత దేశానికే గవర్నరు జనరలు అయ్యారు. అంత పైకి పోయినవారిలో కింది మెట్టు నుండి మెట్టు మెట్టుగా ఎక్కినవారు అరుదు.

1919లో గాంధీగారి వెంట నడవడంతో వకీలు వృత్తి పోయింది. 1921 డిసెంబరులో వేలూరు జైలుకు పోయారు. అక్కడ ఉన్న మూడు నెలలూ ఒక దినచర్య రాసుకున్నారు. 1922 జనవరిలో రాసిన ఒక పుటలో వారు చెప్పిన సంగతి నేటికీ చాలామంది ఎత్తి చూపుతుంటారు. స్వరాజ్యం రాగానే సుఖం రాదనీ, ఎన్నికలూ వాటి వెంట వచ్చే లంచగొండితనమూ, ధనవంతుల బలమూ, పరిపాలనలో అసమర్థతా కలిసి ప్రజల బ్రతుకును దుర్భరం చేస్తాయనీ, మంచి నడవడినీ దైవభీతినీ నేర్పే విద్య ఒక్కటే ఆశ అనీ దాని సారాంశం. స్వరాజ్యం కోసం జైలులో ఉన్న మనిషి, ఆ స్వరాజ్యం ఇరవై అయిదేళ్ల దూరాన ఉండగానే ఇట్లా రాశారు! దీన్ని చూపి రాజాజీకి ప్రజాస్వామ్యం మీద నమ్మకం లేదనేవారున్నారు. మేము అట్లా అనుకోము. నమ్మకం లేనివారు ఇంట కూర్చుంటారు. వారు మాత్రం తొంభై ఏళ్లు దాటేవరకు ఎన్నికల సభలు మానలేదు.

ఆ సంవత్సరమే గయ కాంగ్రెసులో, శాసనసభలకు పోటీ చేయవలెనా వద్దా అని పెద్ద వివాదం వచ్చింది. మోతీలాల్ నెహ్రూ, చిత్తరంజన్ దాస్ ప్రభృతులు పోదామన్నారు. రాజాజీ వద్దన్న పక్షానికి నాయకులై నెగ్గారు. తరువాత తిరుచెంగోడు దగ్గర ఆశ్రమం పెట్టి ఖద్దరు, మద్యనిషేధం పనుల్లో మునిగారు. 1930లో తిరుచిరాపల్లి నుండి వేదారణ్యానికి ఉప్పు యాత్ర నడిపించారు. ఈ భాగం అందరికీ తెలిసినదే కాబట్టి విస్తరించము.

1937 ఎన్నికలు వేరే కథ. అప్పుడు ఓటు అందరికీ లేదు. ఆస్తి గలవారికి, పన్ను కట్టేవారికి, చదువు గలవారికి మాత్రమే ఓటు. మన రాయకోట వంటి ఊళ్లలో ఓటు లేని ఇళ్లే ఎక్కువ. అక్షరాలు రాని ఓటర్ల కోసం మద్రాసు రాష్ట్రంలో రంగు పెట్టెలు పెట్టారు. కాంగ్రెసుది పసుపు పెట్టె. గాంధీగారి పేరు, పసుపు పెట్టె, ఈ రెండే ప్రచారం. ఫలితాలలో 215 స్థానాలకు 159 కాంగ్రెసుకు వచ్చాయి. అంతవరకు పరిపాలించిన జస్టిస్ పార్టీ కూలిపోయింది. ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజావారే తమ సొంత బొబ్బిలిలో వి. వి. గిరిగారి చేతిలో ఓడారు. జమీందారుకు విరుద్ధంగా ఓటు వేయవచ్చుననీ, వేసినందువల్ల మిన్ను విరిగి మీద పడదనీ తెలుగు రైతు తెలుసుకున్న సంవత్సరం అది. రాజాజీ మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయ నియోజకవర్గం నుండి, అనగా పట్టభద్రుల ఓట్లతో వచ్చారు. ఇది చదువరులు జ్ఞాపకముంచుకోవలెను. ముందు పని పడుతుంది.

జూలైలో ముఖ్యమంత్రి అయ్యారు. ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రి, గిరిగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు మంత్రులు, బులుసు సాంబమూర్తిగారు సభాధ్యక్షులు. అక్టోబరు 1వ తేదీన మద్యనిషేధం మొట్టమొదట అమలుకు తెచ్చినది మన సేలం జిల్లాలోనే. ఎన్నికలలో ఇచ్చిన మాటను మూడు నెలలలో సొంత జిల్లాలోనే అమలు జరిపారు. సారా వేలం పాటల ఆదాయం పోతుందని తెలిసి, ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. మేము లెక్కలు రాసే వృత్తిలోనివారము గనుక ఈ పని మాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. ఇస్తామని చెప్పి, దానికి డబ్బు ఎక్కడినుండి వస్తుందో కూడా చెప్పిన నాయకులు ఎప్పుడూ తక్కువే. 1938లో రైతు రుణ విమోచన చట్టం తెచ్చారు. హిందీ విషయంలో మాత్రం మొండిపట్టు పట్టి అనేకులను జైలుకు పంపారు. వారిలో అన్నాదురై అనే యువకుడు ఒకరు. ఆయన పేరు మళ్లీ వస్తుంది.

ప్రజలు ఎన్నుకున్న మంత్రివర్గాలను అడగకుండా బ్రిటిషువారు దేశాన్ని యుద్ధంలోకి దించినందుకు 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. 1942లో ముస్లిం లీగుతో రాజీ పడక తప్పదని చెప్పి, కాంగ్రెసు నుండి కూడా బయటకు వచ్చారు. సభల్లో జనం అల్లరి చేసినా చెప్పదలచింది చెప్పారు. ఆ తరువాత బెంగాలు గవర్నరు, 1948 జూన్ నుండి 1950 జనవరి వరకు గవర్నరు జనరలు, ఢిల్లీలో హోంమంత్రి. అంతా అయి విశ్రాంతికి మద్రాసు వచ్చారు.

ఇక 1952. ఇదే మా కథకు నడిబొడ్డు. వయోజనులందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు. రాయకోట కొండ కింద కూలివాడికీ, దొడ్డ ఆసామికీ ఒకటే ఓటు. మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. ఆంధ్ర జిల్లాలలో కాంగ్రెసు చావుదెబ్బ తిన్నది, కమ్యూనిస్టులు అనేక చోట్ల గెలిచారు. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాగారే ఓడిపోయారు. ప్రకాశంగారి నాయకత్వాన ప్రతిపక్షాలు ఐక్య కూటమిగా చేరి, తమకు 166 మంది ఉన్నారని గవర్నరు శ్రీప్రకాశగారికి తెలిపాయి. అయితే గవర్నరు ఏప్రిల్ నెలలో పిలిచింది రాజాజీని. ఆయన ఎక్కడా పోటీ చేసి ఉండలేదు. సాహిత్యం, కళలు, సంఘసేవ వంటి వాటిలో ప్రముఖులను శాసనమండలికి నామినేటు చేసే అధికారం ఒకటి రాజ్యాంగంలో ఉన్నది. దాని కింద ఆయనను సభ్యునిగా చేసి ముఖ్యమంత్రి పీఠం మీద కూర్చోబెట్టారు.

కమ్యూనిస్టు నాయకులు పి. రామమూర్తిగారు హైకోర్టుకు వెళ్లారు. అర్జీ కొట్టివేశారు. చట్టం ప్రకారం తప్పు లేదన్నమాట. నెహ్రూగారికి కూడా ఈ దొడ్డిదారి నచ్చలేదు. ప్రజల ముందు నిలబడి గెలవడం మంచిదని ఆయన అభిప్రాయం. రాజాజీ ఒప్పుకోలేదు. చిన్న పక్షాలను ఒక్కొక్కటిగా కలుపుకొని, జూలై 3న విశ్వాస తీర్మానం నెగ్గారు: అనుకూలం 200, ప్రతికూలం 151. సమర్థుడు కాబట్టే నెగ్గారు. ఆహార ధాన్యాల కంట్రోళ్లు ఎత్తివేసి జనానికి ఉపశమనం కలిగించారన్నదీ నిజమే. అయినా వేలూరు జైలులో ఎన్నికల చెడును అంత స్పష్టంగా చూసిన కన్ను, ఓటరు ఇచ్చిన తీర్పును పక్కకు నెట్టడం కూడా అటువంటి చెడేనని చూడలేకపోయింది. క్యూలో నిలబడి మొదటిసారి ఓటు వేసిన మనిషికి, తాను వేసిన ఓటుకు ముఖ్యమంత్రికి సంబంధమే లేదని తెలిస్తే ఎట్లా ఉంటుంది? డబ్బు పంచి ఓటు కొనడం ఒక విధంగా నమ్మకాన్ని చెరుపుతుంది. ఓటును లెక్కలోకి తీసుకోకపోవడం మరొక విధంగా చెరుపుతుంది. రెండవదాన్ని పెద్దమనుషులు చేస్తారు గనుక దానికి చెడ్డపేరు తక్కువ.

ఆ పరిపాలనలోనే 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో సాంబమూర్తిగారి ఇంట నిరశన మొదలుపెట్టి డిసెంబరు 15న అసువులు బాశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. తాత్కాలిక రాజధానిగా కూడా మద్రాసులో ఆంధ్రులు ఉండడానికి రాజాజీ సమ్మతించలేదు. రాయకోట, హోసూరు తెలుగువారు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలిపోయారు. తొరపల్లిలో పుట్టిన మనిషికి చుట్టుపక్కల ఇళ్లల్లో మాట్లాడే తెలుగు తెలియనిది కాదు. అందుకే మనవారి మనసులో ఆ బాధ ఎక్కువ. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఏరి పారవేయము గనుక దీన్ని కూడా దాచకుండా రాశాము.

పిల్లలు ఒక పూట బడిలో, మిగతా కాలం ఇంటి వృత్తిలో గడపవలెనన్న పథకాన్ని 1953లో, పార్టీవారితోనే సరిగా చర్చించకుండా, తెచ్చారు. కులవృత్తికి కట్టివేస్తున్నారని రాష్ట్రం భగ్గుమన్నది. 1954 ఏప్రిల్‌లో దిగిపోక తప్పలేదు. కామరాజుగారు వచ్చారు. ఓటర్ల వద్దకు పోకుండా వచ్చిన అధికారాన్ని, ఓటర్లకు భయపడిన సొంత పక్షమే రెండేళ్లకు వెనక్కు తీసుకున్నది.

అప్పటికి రాజాజీకి 75 ఏళ్లు. మరొకరైతే రామాయణ భారతాలు రాసుకుంటూ కూర్చునేవారు. వారు అవి రాశారు, కూర్చోవడం మాత్రం జరగలేదు. ఒక్క పార్టీయే ఎల్లకాలం ఏలుతుంటే ప్రజాస్వామ్యం పేరుకే మిగులుతుందనీ, బలమైన ప్రతిపక్షం ఉండి తీరవలెననీ 1957 నాటినుండి రాయసాగారు. 1959లో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయం తీర్మానించింది. జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ పుట్టింది. అధ్యక్షులు మన ఆచార్య రంగాగారు. ఆరేళ్ల క్రితం ఆంధ్రులకు మద్రాసు ఇవ్వనన్న వృద్ధునితో ఆంధ్ర రైతు నాయకుడు చేయి కలిపాడు. రాజకీయాల్లో కోపాలకు కాలపరిమితి ఉంటుంది, మన అరుగుల మీద లేదు.

1962లో ఆ పార్టీ లోక్‌సభలో 18, ఆంధ్ర శాసనసభలో 19 స్థానాలు గెలిచింది. 1967లో లోక్‌సభలో 44 గెలిచి ప్రతిపక్షాలన్నిటిలో పెద్దదయింది. ఈ రోజుల్లోనే రాజాజీ ఎన్నికల ఖర్చును గురించి పదే పదే రాశారు. అభ్యర్థి సొంత డబ్బుతో, వ్యాపారుల విరాళాలతో గెలిస్తే ఆ బాకీ తీర్చుకోక మానడనీ, ఎన్నికల భారాన్ని ప్రభుత్వమే భరించవలెననీ వారి వాదం. అయితే వారి పార్టీలోనే మాజీ మహారాజులు, జమీందారులు చేరారు. పారిశ్రామికుల విరాళాలు ఆ పార్టీ కూడా తీసుకున్నది. ధనబలాన్ని నిందించినవారే ధనవంతుల నడుమ కూర్చోవలసి రావడం చూస్తే నవ్వు రాదు, జాలి కలుగుతుంది.

1967లో మద్రాసు రాష్ట్రంలో, ఒకనాడు తాము జైలుకు పంపిన అన్నాదురైతో పొత్తు పెట్టుకున్నారు. హిందీ విషయంలోను తమ పాత పట్టు అప్పటికే వదిలారు. 88 ఏళ్ల వయసులో ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. 234 స్థానాలలో ద్రవిడ మున్నేట్ర కజగానికి 137, స్వతంత్ర పార్టీకి 20 వచ్చాయి. విరుదునగరంలో కామరాజుగారే ఒక విద్యార్థి నాయకుని చేతిలో ఓడారు. ఇరవై ఏళ్లుగా మారని ప్రభుత్వం ఓటుతో మారింది, ఎక్కడా రక్తం చిందలేదు. 1952లో పక్కదారిన కుర్చీ ఎక్కిన మనిషే, పదిహేనేళ్లకు, అసలు దారి ఎట్లా ఉంటుందో రాష్ట్రానికి చూపారు. మా దృష్టిలో రాజాజీ గవర్నరు జనరలుగా చేసినదానికంటే ఇది పెద్ద పని.

దాని ఫలం వారికి తీపి కాలేదు. అన్నాదురైగారు 1969లో మరణించారు. 1971లో కరుణానిధిగారి ప్రభుత్వం మద్యనిషేధాన్ని నిలిపివేయ సంకల్పించింది. 92 ఏళ్ల రాజాజీ స్వయంగా ముఖ్యమంత్రి ఇంటికి వెళ్లి వద్దని వేడుకున్నారు. ఆగలేదు. 1937లో మన జిల్లాలో మొదలయిన పనిని, తాము ప్రచారం చేసి గెలిపించిన పక్షమే తీసివేసింది. ఆ ఏడాది ఎన్నికల్లోనే, జీవితకాలపు ప్రత్యర్థి కామరాజుగారితో కలిసి ఆ ప్రభుత్వాన్ని ఓడించాలని చూశారు. ప్రజలు వినలేదు. ఆ తీర్పును తప్పించుకొనే దొడ్డిదారి ఏదీ ఈసారి వారు వెదకలేదు.

1972 డిసెంబరు 25న మద్రాసులో కన్నుమూశారు. రెండేళ్లకు స్వతంత్ర పార్టీ ఇతర పక్షాలతో కలిసిపోయింది. తొరపల్లి ఇల్లు మాత్రం అక్కడే ఉన్నది. వచ్చే సెలవుల్లో పిల్లలను తీసుకొని వెళ్లేవారు హోసూరులో దిగి బస్సు ఎక్కవచ్చు.