పాత ఇనుము పరువు

షెడ్డులో పాత ఇంజను బ్లాకు కనబడితే తుక్కు కింద తూచేస్తాం. ఆ పాత ఇనుముకే పరువు తెచ్చిన ఇంజనీరు అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌసెన్. 1907లో జర్మనీలోని మ్యూనిక్‌లో జన్మించారు. 1934లో బి.ఎమ్.డబ్ల్యూ.లో చేరి మోటారుసైకిళ్ళు రూపొందించారు. యుద్ధం ముగిశాక సొంతంగా రేసుకార్లు కట్టారు. అది నిలవక, 1954లో పాత కంపెనీకే తిరిగొచ్చారు.

కొత్త కారుకు 1300 సి.సి. ఇంజను చాలన్నారు పెద్దలు. ఆయన ఒప్పుకోలేదు. రేపు పెంచుకోవడానికి చోటుండాలి గదా! పట్టుబట్టి 1500తో మొదలై 2000 దాకా పెరగగల పోత ఇనుప బ్లాకు గీశారు. 1962లో రోడ్డెక్కిన ఆ ఇంజను బలం 80 హార్స్‌పవర్.

టర్బో అంటే, వృథాగా పోయే పొగతో చక్రం తిప్పి సిలిండర్లలోకి గాలి కూరడం. బలంతోపాటు వేడీ, ఒత్తిడీ పెరుగుతాయి. బ్లాకు గట్టిది కాకపోతే పగులుతుంది. 1969లో టర్బో బిగించిన '2002' మోడలు కారు యూరప్ టూరింగ్ కార్ల పందాల్లో నెగ్గింది.

తర్వాత ఆయన సహచరుడు పాల్ రోష్ ఫార్ములా వన్‌కు ఆ బ్లాకునే ఎంచుకున్నారు. మొదట్లో రోడ్డు మీద బాగా తిరిగినవే ఏరారు! పోతపోసినప్పుడు ఇనుములో మిగిలిన ఒత్తిళ్ళు, పదే పదే వేడెక్కి చల్లారడంతో సడలుతాయి. ఆపైన బ్లాకు వంకర పోదు. దానిమీద నాలుగేసి వాల్వుల హెడ్డు, టర్బో బిగిస్తే బలం 1000 హార్స్‌పవర్ దాటింది. 1983లో నెల్సన్ పికే ఆ ఇంజనుతోనే ప్రపంచ విజేత అయ్యాడు.

అది కళ్ళారా చూసి, 1989లో ఫాల్కెన్‌హౌసెన్ కన్నుమూశారు. అడిగినంతే గీసి ఊరుకుంటే ఆ బ్లాకు ఏనాడో తుక్కులో కలిసేది. డ్రాయింగు బల్ల ముందు కూర్చునే మనం గుర్తుంచుకోదగ్గ మాట ఇది.