మధుర కంటివైద్యులు డాక్టరు వెంకటస్వామిగారు

శుక్లం ముదిరిన కంటికి శస్త్రచికిత్స చేసి, సోడాబుడ్డి అడుగంత దళసరి కళ్లద్దాలు తగిలించి పంపిన రోజులు మన ఇండ్లలో పెద్దలకు జ్ఞాపకమే. అద్దాలు పగిలినవా, చూపు మళ్లీ మొదటికి వచ్చేది. కంటి లోపలనే చిన్న కటకం అమర్చే పద్ధతిని లండనులో హరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు 1949లో ఆరంభించాడు. అది మన పల్లెటూరి బీదవాని కంటిదాకా రావడానికి నలుబది ఏండ్లకు పైగా పట్టినది. రప్పించినవారిలో అగ్రగణ్యులు డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు.

వీరు 1918 అక్టోబరు 1వ తేదీన ఎట్టయాపురం చేరువ వడమలాపురంలో రైతుకుటుంబంలో జన్మించారు. బాల్యంలో ఏటి ఇసుక పరచుకొని దానిపై అక్షరాలు దిద్దుకొన్నారు. తమ కుటుంబంలోని ఆడపడుచులు ముగ్గురు గర్భిణులుగా ఉండి చనిపోవడం చూచి, కాన్పుల వైద్యుడు కావాలని సంకల్పించారు. 1944లో మద్రాసు స్టాన్లీ వైద్యకళాశాలలో పట్టం పుచ్చుకొని సైన్యంలో చేరారు. ఇంతలో కీళ్లవాతం పట్టుకొన్నది. 1948లో సైన్యం విడువవలసి వచ్చినది. ఎన్నో నెలలు మంచం దిగలేదు. వేళ్లు వంకరలు తిరిగి కలం పట్టడమే దుర్లభమైనది. కాన్పుల వైద్యం ఆశ అంతటితో సరి.

అప్పుడు వారు కంటివైద్యం చదివారు. ఆ వేళ్లకు తగిన పనిముట్లు చేయించుకొని కత్తి పట్టడం నేర్చారు. ఆ చేతులతోనే లక్షకు పైబడి కండ్లకు చికిత్స చేశారంటే వినేవారికి నమ్మశక్యం కాదు. 1956 నుండి మధుర ప్రభుత్వ వైద్యకళాశాలలో నేత్రవిభాగానికి అధిపతిగా ఉండి, పల్లెలలో శిబిరాలు నడిపారు. 1973లో పద్మశ్రీ వచ్చినది.

1976లో, 58వ ఏట, ఉద్యోగ విరమణ. వారు పెండ్లాడలేదు, తోబుట్టువులే వారి సంసారం. వారినే తోడు చేసుకొని, ఇల్లు తాకట్టు పెట్టి, 11 పడకలతో అరవింద నేత్రాలయం తెరిచారు. ఇవ్వగలవారు ఇచ్చిన సొమ్ముతోనే ఇవ్వలేనివారికి ఉచితంగా చికిత్స జరగాలని నియమం పెట్టుకొన్నారు.

విదేశీ కటకం ఒక్కటి వంద డాలర్ల పైచిలుకు పలికే కాలమది. అంత వెల పెట్టి బీదవారికి అమర్చడం ఎట్లా? ఇంత సూక్ష్మమైన వస్తువు మనదేశంలో తయారు కాదని పెదవి విరిచినవారు లేకపోలేదు. 1992లో ఆరోల్యాబ్ అనే కర్మాగారం నెలకొల్పి, పది డాలర్ల సుమారుకే కటకాలు తీసినారు. తరువాత ఇంకా తగ్గినది. అవి ఎన్నో దేశాలకు వెళ్లినవి.

ఇదే తోవలో, హ్రస్వదృష్టి మిక్కుటంగా ఉన్న పడుచువారికి సహజ కటకాన్ని తీయకుండానే దాని ముందు మరొక పలుచని కటకం అమర్చే చికిత్స వచ్చినది. హోసూరు, కృష్ణగిరి నుండి మన పిల్లలు దానికై బెంగుళూరు పోతున్నారు. వెల మాత్రం ఇంకా సంసారులకు బరువే. కళ్లద్దాలు పోయినా కనుగుడ్డు సాగి ఉండడం మారదు. కాబట్టి లోపలి తెరను ఏటేటా చూపించుకోక తప్పదు.

వెంకటస్వామిగారు 2006 జూలై 7న, 87వ ఏట, మధురలో కన్నుమూశారు. మన తిరుపతిలో అరవిందవారి ఆసుపత్రి 2019లో తెరిచారు.