హాగెన్‌బెక్ వెదకించిన మహామృగం

జంతువుల వర్తకంలో లోకప్రసిద్ధి గడించిన కార్ల్ హాగెన్‌బెక్ 1844లో జర్మనీ రేవుపట్టణమైన హాంబర్గులో జన్మించినాడు. తండ్రి చేపల వ్యాపారి. 1848లో జాలరుల వలలలో చిక్కిన సీలు జంతువులను ఆయన కొయ్యతొట్లలో ఉంచి, చూడవచ్చినవారినుండి రుసుము పుచ్చుకొన్నాడు. ఆ తొట్ల ప్రక్కన పెరిగిన బాలుడే పెద్దవాడై, ఏనుగులను, సింహాలను దేశదేశాలనుండి రప్పించి జంతుప్రదర్శనశాలలకు అమ్మినాడు.

ఆఫ్రికాలో సంచరించే వేటగాండ్రు మృగాలతోపాటు కథలను కూడా మోసుకొని వచ్చేవారు. రొడీషియా లోతట్టు చిత్తడినేలలలో సగం ఏనుగు, సగం మహాసర్పం అనదగిన జంతువొకటి ఉన్నదని, పరస్పర సంబంధం లేని ఇద్దరు చెప్పిన వార్త హాగెన్‌బెక్‌ను కదిలించినది. నేటి జాంబియాలోని బాంగ్వెయులు సరస్సు ప్రాంతపు ప్రజలు నీటిగుర్రాలను చంపే ఇటువంటి మృగాన్ని చిపెక్వే అని చెప్పుకొనేవారు. అది ప్రాచీనయుగాల రాక్షసిబల్లి సంతతి కావచ్చునని ఆయన నమ్మినాడు. ధనం వెచ్చించి ఒక బృందాన్ని పంపినాడు. జ్వరాలకు, దారిలోని దాడులకు లోనై వారు వట్టిచేతులతో తిరిగివచ్చినారు. ఈ వైఫల్యాన్ని 1908లో వెలువడిన ఆత్మకథలో ఆయన దాచుకొనలేదు.

అయినా అడవి ప్రజల మాట ప్రతిసారీ వమ్ము కాలేదు. లైబీరియాలో పొట్టి నీటిగుర్రం సజీవంగా ఉన్నదా అని పలువురు సందేహిస్తున్న రోజులలో, హాగెన్‌బెక్ పంపిన హాన్స్ షోంబుర్క్ 1912లో వాటిని ప్రాణాలతో పట్టితెచ్చినాడు.

ఈ జీవితంలో మాయని మచ్చ వేరొకటి ఉన్నది. హాగెన్‌బెక్ మనుష్యులను కూడా ప్రదర్శనకు పెట్టినాడు. 1874లో ఉత్తర ఐరోపాకు చెందిన సామీలను, 1876లో సూడాను ప్రాంతపు నూబియనులను రప్పించినాడు. 1880లో లాబ్రడార్‌నుండి ఆయన కొరకు తెచ్చిన ఎనిమిదిమంది ఇన్యూట్లు, మశూచికి టీకాలు వేయించనందున, కొన్ని నెలలలోనే అందరూ మరణించినారు. 1907లో స్టెల్లింగెన్‌లో తెరచిన తన ఉద్యానంలో ఇనుపకమ్ములు తీసివేసి, అగడ్తల నడుమ సింహాలను విడిచినవాడూ ఇతడే. అక్కడ కూడా మనుష్యుల ప్రదర్శన ఆగలేదు.

1913లో ఆయన కన్నుమూసినాడు. ఆ కాలంలోనే కాంగో నదీతీరాలకు వెళ్ళిన మరొక జర్మన్ యాత్రికుడు, ఫ్రైహెర్ ఫాన్ స్టైన్, మొకెలె-మ్బెంబె అనే నీటిమృగాన్ని గురించి వినివచ్చినాడు. నేటివరకు ఆ మృగం ఎవరికీ చిక్కలేదు. ఆఫ్రికా ప్రజలు చెప్పిన మృగాన్ని హాగెన్‌బెక్ నమ్మినాడు. చెప్పినవారు తనవంటి మనుష్యులేనన్నది మాత్రం ఆయన మనసుకెక్కలేదు.