ఎంబీబీఎస్‌ దక్కని డాక్టర్‌

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో డిగ్రీ చేసి, మెమోలో సప్లీ ఉందని ఇంటర్వ్యూ ముఖమే చూడనివాళ్లు మీలో ఉండొచ్చు. యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్‌ గట్టెక్కింది మూడోసారికి.

1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో రోజుల తేడాలో పోయారు. మద్రాసు మెడికల్‌ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది గిట్టలేదు. దాంతో చేతికొచ్చింది ఎంబీబీఎస్‌ కాదు, అంతకన్నా తక్కువైన ఎల్‌ఎంఎస్‌.

1922లో బోస్టన్‌ చేరారు. ఆ సర్టిఫికెట్‌కు అక్కడ డాక్టర్‌ కొలువు రాలేదు. ఆస్పత్రిలో నైట్‌ పోర్టర్‌గా చేశారు, మన వార్డ్‌బాయ్‌ పనే అనుకోండి. తర్వాత హార్వర్డ్‌ ల్యాబ్‌లో సైరస్‌ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ రికార్డులో ఫిస్కే-సుబ్బారావ్‌ మెథడ్‌ అని రాసి ఉంటారే, ఆ సుబ్బారావు ఈయనే! అదే జంట కండరాల్లో ఏటీపీనీ గుర్తించింది. అయినా హార్వర్డ్‌ పర్మనెంట్‌ చేయలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్‌ యాసిడ్‌ తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన స్ప్రూకు అది మందైంది. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్‌ యాసిడ్‌ కావాలి. మరి దాన్ని అడ్డుకుంటే? మనల్ని కాపాడే తెల్ల రక్తకణాలే అదుపు తప్పి పెరిగితే లుకేమియా. అడ్డుకునే మందు అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌ 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మంది కొంతకాలం తేరుకున్నారు.

అన్నవాహిక క్యాన్సర్‌లో కథ వేరు. అక్కడ ఆ రక్షక కణాలు గడ్డలోకి ఎన్ని చొరబడ్డాయన్నదే చూస్తారు. సీడీ8 టి-కణాలు ఎక్కువున్న రోగులు సగటున ఎక్కువకాలం బతుకుతున్నారని పలు అధ్యయనాల్లో తేలింది. ఈ క్యాన్సర్‌కు పొగాకు పెద్ద కారణం. బీడీలు చుట్టే మన ఊళ్లకు దూరపు ముచ్చటేం కాదు. గడ్డ ముక్కను పలుచగా కోసి, రంగు వేసి, స్లైడ్‌ చేసేది హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌. ఎంఎల్‌టీ చదివినవాళ్ల కొలువే అది.

సుబ్బారావు ఇదంతా చూడలేదు. ఫార్బర్‌ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో, 53వ ఏట, ఆయన నిద్రలోనే పోయారు. ఆయన బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఇప్పటికీ లుకేమియాకు, తక్కువ డోసులో కీళ్లవాతానికీ రాస్తున్నారు.