గేరు రాడ్డు లేని కారు: హెన్రీ ఫోర్డు జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవిత విశేషాలు రాసి పంపమని కార్యదర్శి గారు కోరినారు. దేశ నాయకుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను హెన్రీ ఫోర్డును ఎంచుకున్నాను. ఈమధ్య వెల్గటూరులో నలుగురు పెన్షనర్లం కలిస్తే కారు మాటే వస్తున్నది. గేరుది కొనాలా, ఆటోమేటిక్ కొనాలా? ఒకరికి మోకాలి నొప్పి, ఇంకొకరికి గ్రాట్యుటీ డబ్బు వృథా అవుతుందేమోనన్న భయం. ఈ తగవు నూరేండ్ల పైబడినది.

ఫోర్డు 1863 జూలై 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో రైతు ఇంట పుట్టినాడు. పదమూడో ఏట తల్లి పోయింది. ఆ ఏడే దారిలో తనంత తాను నడిచే ఆవిరి యంత్రాన్ని చూసి, ఇక సేద్యం మీద మనసు పెట్టలేదు. గడియారాలు విప్పి బిగించడం నేర్చినాడు. డెట్రాయిట్ చేరి, 1891లో ఎడిసన్ పేరుతో ఉన్న విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా కుదిరి, రాత్రిళ్లు ఇంటి వెనుక కొట్టంలో పనిచేసి 1896 జూన్‌లో తన మొదటి బండిని నడిపినాడు. దానికి రివర్సు లేదు. 1903లో ఫోర్డు మోటార్ కంపెనీ పెట్టినాడు.

1908 అక్టోబరులో వచ్చిన మోడల్ టీ కారుతోనే ఆయన పేరు లోకమంతా పాకింది. ఆనాటి తక్కిన కార్లలో గేరు మార్చడం పెద్ద విద్య. వేర్వేరు వేగాలతో తిరిగే పళ్లచక్రాలను జతకలపాలి. అదను తప్పితే కర్రుమని అరుపు, పండ్లు విరగడం. మా ఆఫీసు జీపు డ్రైవరు కూడా ఫస్టు గేరుకు దిగాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కేవాడు, అది చూసినవారికి నా మాట అర్థమవుతుంది. గుర్రపు బండి తప్ప తెలియని రైతుకు ఇంత విద్య ఎక్కడిది? అందుకని ఫోర్డు పళ్లచక్రాలను ఎప్పుడూ కలిసే ఉండేటట్టు పెట్టినాడు. పెడల్ తొక్కితే ఒక పట్టీ బిగిసి డ్రమ్మును పట్టుకుంటుంది, గేరు పడుతుంది. ఎడమ పెడల్ పూర్తిగా తొక్కితే చిన్న గేరు, వదిలితే పెద్ద గేరు. నడిమిది రివర్సు, కుడిది బ్రేకు. పెట్రోలు ఎక్కువ తక్కువలు స్టీరింగు కింద చేతితోనే. గేర్లు మార్చే రాడ్డు లేదు. ఉన్నవి రెండే గేర్లు.

పెట్రోలు ట్యాంకు నుండి పంపు లేకుండానే ఇంజనుకు దిగేది కాబట్టి నిలువు గుట్ట వస్తే అందేది కాదు. అప్పుడు కారును మళ్లించి రివర్సులో ఎక్కించేవారు. మన దగ్గర ఎవరైనా అట్లా ఎక్కితే ఊరంతా చూడవస్తుంది.

1913లో కదిలే వరుస మీద కారు బిగించే పద్ధతి వచ్చింది. పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ బిగింపు గంటన్నరకు దిగింది. 1914లో కార్మికులకు రోజుకు 5 డాలర్లు, 8 గంటల పని. తొలుత 850 డాలర్లున్న కారు ధర 1925 నాటికి 260కి పడింది. 1926లో మన దేశంలో కూడా ఫోర్డు కంపెనీ శాఖ ఏర్పడింది.

కాని మనిషి మొండి. రోడ్లు బాగుపడినాయి, జనం నడపడం నేర్చినారు, షెవర్లే కారు మూడు గేర్లతో సులువుగా పోతున్నది. కొడుకు ఎడ్సెల్ మార్పు కావాలన్నాడు, ఆయన వినలేదు. 1926లో కాంజ్లర్ అనే అధికారి ఇదే విషయం పెద్ద నోటు రాసి పెడితే, ఆ సంవత్సరమే ఉద్యోగం పోయింది. పై అధికారికి నచ్చని నోటు పెట్టిన వారి గతి మనకు కొత్త కాదు. చివరికి 1927 మేలో, కోటిన్నర కార్ల తరువాత, మోడల్ టీ ఆగింది. ఫ్యాక్టరీ నెలల తరబడి మూతబడింది. డిసెంబరులో వచ్చిన మోడల్ ఏ కారుకు అందరిలాగే గేరు రాడ్డు, మూడు గేర్లు.

ఆయనలో మెచ్చరానివీ ఉన్నాయి. తన పత్రికలో యూదుల మీద విషం కక్కించి 1927లో క్షమాపణ చెప్పుకున్నాడు. యూనియన్‌ను 1941 వరకు ఒప్పుకోలేదు. సంఘం పత్రికలో ఈ సంగతి వదిలిపెట్టడం నాకు సరి అనిపించలేదు. 1943లో కొడుకు పోయినాడు. 1947 ఏప్రిల్ 7న ఫోర్డు కన్నుమూసినాడు.

ఆయన వదిలేసిన పట్టీలు, ఎప్పుడూ కలిసి ఉండే పళ్లచక్రాలే 1939 చివర జనరల్ మోటార్స్ వారి ఆటోమేటిక్ గేర్‌బాక్సులో తేలినాయి. పట్టీని బిగించే పని కాలికి బదులు నూనె ఒత్తిడి చేస్తుంది. మనవారు అడిగే చవక ఆటోమేటిక్, 2014లో మారుతి సెలేరియోతో ఇక్కడ ప్రచారమైన ఏఎంటీ, వేరు జాతి. అందులో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్, గేరు పని యంత్రం చేస్తుంది. అందుకే ధర తక్కువ, అందుకే గేరు మారేటప్పుడు చిన్న కుదుపు. ఎడమ మోకాలు నొచ్చేవారు ఆ కుదుపు ఓర్చుకోవచ్చునని నా అభిప్రాయం. మోకాలు బాగుంటే గేరుదే చవక.

ఇక ఫోర్డు కంపెనీ సంగతి. పెద్దాయన పోయిన రెండేండ్లకు, 1949లో, తమ లింకన్ కార్లలో పెట్టడానికి ఆటోమేటిక్ గేర్‌బాక్సులను ఆ జనరల్ మోటార్స్ దగ్గరే కొనుక్కున్నారు.