గణిత మేధావి శ్రీనివాస రామానుజన్

మన సంఘం సావనీరు కోసం ఈ సంవత్సరం మేము శ్రీనివాస రామానుజన్ గారి జీవితాన్ని ఎన్నుకున్నాము. ఆయన మన జిల్లావారు కారు, మన మతస్థులూ కారు. అయినా ఆయన కథలో మన పిల్లల కథ ఉంది. అందుకే నాలుగు మాటలు రాయ సాహసిస్తున్నాము.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టి, కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. 1904లో కాలేజీలో చేరగానే వజీఫా దొరికింది. కాని లెక్కల ధ్యాసలో పడి మిగతా సబ్జెక్టులు పక్కన పెట్టేశారు. ఇంగ్లీషు పోయింది, దానితోపాటు వజీఫా పోయింది. ఫీజు కట్టే తాహతు ఇంట్లో లేదు. 1905 ఆగస్టులో, 17 ఏళ్ళ వయసులో, ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళిపోయారు. అబ్బాయి కనపడటం లేదని ఇంటివారు పత్రికలో వేయించారు. అప్పటికి రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన పడి అయిదేళ్ళు. కాబట్టి ఆ కుర్రవాడు మన తాడేపల్లిగూడెం, నిడదవోలు మీదుగానే పోయి ఉంటాడు. తరువాత మద్రాసులో చదివి ఎఫ్.ఎ. పరీక్ష రెండుసార్లు తప్పారు.

1910లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారిని ఆశ్రయించారు. ఆయనకూ లెక్కలంటే ప్రాణం. మొదట నమ్మకం కుదరక, మళ్ళీ మళ్ళీ పిలిపించి విన్నారు. చివరకు ఏం కావాలని అడిగితే, తిండికి లోటు లేకుండా లెక్కలు చేసుకునే తీరిక చాలన్నారు రామానుజన్. కలెక్టరు గారు నెలకు 25 రూపాయలు ఏర్పాటు చేశారు. ఒకరి మీద ఎంతకాలం ఆధారపడతామని రామానుజన్ 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా పనికి కుదిరారు. 1913లో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశారు. 1914లో అక్కడికి వెళ్ళారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

ఆయన పుట్నీ ఆసుపత్రిలో ఉండగా హార్డీ చూడవచ్చి, తాను ఎక్కిన టాక్సీ నంబరు 1729 చప్పగా ఉందన్నారట. కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగల అతి చిన్న సంఖ్య అదేనని రామానుజన్ వెంటనే చెప్పారు. 1, 12 ల ఘనాలు కలిపినా, 9, 10 ల ఘనాలు కలిపినా 1729 వస్తుంది.

ఇది ఉత్త వినోదం కాదు. రెండు ఘనాల మొత్తం 1729 అనే సమీకరణానికి గ్రాఫు గీస్తే ఒక వంపు గీత వస్తుంది. పై రెండు జవాబులు దాని మీద రెండు బిందువులు. వాటిని స్కేలుతో కలిపి పొడిగిస్తే, వంపును ఇంకొక చోట తాకుతుంది. అక్కడ ఒక విలువ 46/3, ఇంకొకటి మైనస్ 37/3. మన తొమ్మిది, పది తరగతుల పిల్లలు చేసి చూడవచ్చు. ఇలా భిన్నాలతో చెప్పగల బిందువులను అకరణీయ బిందువులంటారు. ఈ వంపు మీద అవి అనంతం. ఎంత చిన్న ముక్క తీసుకున్నా అందులో దొరుకుతాయి.

1729 తీసి 1 పెట్టండి. వంపు ఆకారం అదే, కొలత మాత్రం తగ్గుతుంది. కాని దాని మీద అకరణీయ బిందువులు రెండే రెండు! రెండు పూర్ణ ఘనాలు కలిస్తే ఇంకో పూర్ణ ఘనం కాదన్న సంగతే ఇది. సుమారు వెయ్యేళ్ళ క్రితం ఖుజందీ అనే ముస్లిం పండితుడు దీన్ని నిరూపించబోయాడు, నిరూపణలో లోపం మిగిలింది. 18వ శతాబ్దంలో ఆయిలర్ దారి చూపాడు. రామానుజన్ మాత్రం ఒక్క అంకె తేడాతో తప్పిపోయే సంఖ్యలను వరసగా రాసి పెట్టారు. 135, 138 ల ఘనాలు కలిపితే 172 ఘనానికి ఒకటి తక్కువ. ఈ కాగితాలు 1976లో కేంబ్రిడ్జిలో బయటపడ్డాయి. 1918లో హార్డీతో కలిసి ఆయన వేసిన వృత్త పద్ధతితోనే నేటికీ అనేక సమీకరణాల జవాబులు ఎంత దట్టంగా ఉన్నాయో లెక్కకడుతున్నారు.

1919లో జబ్బుతో ఇంటికి వచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి 32 ఏళ్ళే. ఆఖరి రోజుల్లోనూ లెక్కలు మానలేదు.

మా బడిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. హిసాబులో నోటితోనే జవాబు చెప్పేవాడు. ఇంగ్లీషు తప్పాడు. ఇప్పుడు మొగల్తూరు దగ్గర చేపల చెరువు మీద కాపలా ఉన్నాడు. వాడికి మళ్ళీ ఫీజు కట్టమని మేము ఎవరినీ అడగలేదు. ఆ తప్పు మాదే. పై రెండు వంపుల్లో ఏది నిండుగా ఉందో చూపుతో తెలియదు, లెక్క వేసి చూడాలి. మన పిల్లలూ అంతే. ఒక సబ్జెక్టు తప్పిన బిడ్డను కూడా వజీఫా జాబితా నుంచి తీసేయక, ఒకసారి పిలిచి వినవలసిందిగా సంఘ పెద్దలకు మా మనవి. కలెక్టరు గారు చేసింది అంతే.