పాదిరిగారి కుమార్తె షార్లెట్ బ్రాంటీ

నవల అనగానే మన సంఘములలో కొందరు పెద్దలు ముఖము చిట్లించుదురు. ప్రేమకథలు చదివిన పిల్లలు దారి తప్పుదురని వారి భయము. ఆ భయము ఊరక పుట్టినది కాదు. అయినను ప్రేమను, వివాహమును గూర్చి లోకప్రసిద్ధమైన నవలలు వ్రాసిన యొక స్త్రీ పాదిరిగారి యింటనే పెరిగి, ఆ యింటనే కన్నుమూసినదని ఎందరికి తెలియును? ఈ మాసము ఆమె జీవితమును మా పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

షార్లెట్ బ్రాంటీ 1816వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన ఇంగ్లాండు దేశములోని యార్కుషైరు ప్రాంతమున పుట్టెను. తండ్రి పాట్రిక్ బ్రాంటీ ఐర్లాండులో బీద కుటుంబమున జన్మించి, కష్టపడి కేంబ్రిడ్జిలో చదివి గురువైనవాడు. అక్కడ ఆయన చదువు ఖర్చులకు ఇబ్బందిపడినప్పుడు సహాయము కొరకు పెద్దలకు ఉత్తరము వ్రాసినవాడు హెన్రీ మార్టిన్. ఈ మార్టిన్‌గారే 1806లో మన దేశమునకు వచ్చి, క్రొత్త నిబంధనను ఉర్దూ భాషలోనికి తెచ్చిన దైవసేవకుడు.

1820లో పాట్రిక్‌గారు హావర్త్ అను కొండ గ్రామమునకు సంఘకాపరిగా వచ్చెను. ఇంటి యెదుట సమాధుల తోట, దాని ఆవల దేవాలయము. మరుసటి యేడే తల్లి ఆరుగురు పిల్లలను విడిచి మరణించెను. 1824లో నలుగురు ఆడపిల్లలను గురువుల కుమార్తెల కొరకు స్థాపించిన బోర్డింగు బడికి పంపిరి. అక్కడ చలి హెచ్చు, భోజనము చాలదు. పెద్దపిల్లలు మరియ, ఎలిజబెత్తు క్షయవ్యాధితో 1825లో చనిపోయిరి. తొమ్మిదేండ్ల షార్లెట్ ఆ యింటికి పెద్ద బిడ్డ ఆయెను.

మిగిలిన నలుగురు, అనగా షార్లెట్, తమ్ముడు బ్రాన్‌వెల్, చెల్లెండ్రు ఎమిలీ, ఆన్, చిన్న చిన్న కాగితములు కుట్టి, వాటిపై కథలు వ్రాసుకొనుచు పెరిగిరి. వ్రాయవలెనను ఆశ షార్లెట్‌ను విడువలేదు. ఆమె తన పద్యములను ఆ దేశపు ఆస్థాన కవి రాబర్ట్ సౌదీకి పంపగా, సాహిత్యము స్త్రీలకు వృత్తి కానేరదని ఆయన 1837లో బదులు వ్రాసెను. ఆమె వినయముతో ఆ మాట స్వీకరించెను గాని కలము పడవేయలేదు. యజమానుడిచ్చిన తలాంతును భూమిలో దాచిన దాసుని మనమందరము ఎరుగుదుము. ఆమె ఆ దాసునివలె చేయలేదు.

1839లో ఆమె స్నేహితురాలి అన్న, ఒక యువ గురువు, ఆమెను పెండ్లి చేసుకొనగోరెను. ఆమెకు ఆస్తి లేదు, అందము లేదని ఆమెయే తలంచుకొనెడిది. ఇంకొక సంబంధము వచ్చునో రాదో తెలియదు. అయినను తనకు ఆయనపై భార్యకుండవలసిన ప్రేమ లేదని మర్యాదగా తెలిపి నిరాకరించెను. తరువాత ధనికుల యిండ్లలో పిల్లలకు చదువు చెప్పి, పనిమనిషికంటె కొంచెమే ఎక్కువైన గౌరవముతో బ్రదుకు సాగించెను.

1842లో ఫ్రెంచి భాష నేర్చుకొనుటకు బ్రస్సెల్సు పట్టణమునకు పోయెను. అక్కడి ఉపాధ్యాయుడు భార్యాబిడ్డలు గలవాడు. ఆయనవైపు ఆమె హృదయము మొగ్గెను. దీనిని మేము దాచము. 1844 ఆరంభమున ఆమె ఇంటికి తిరిగివచ్చెను. ఆపై ఆయనకు వ్రాసిన ఉత్తరములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. అవి ఆమె పడిన వేదనకు సాక్ష్యములు.

ఇంటివద్ద బడి పెట్టదలచిరి, ఒక్క పిల్లయు చేరలేదు. 1846లో అక్కచెల్లెండ్రు ముగ్గురు మగవారి పేర్లతో తమ పద్యములు అచ్చువేయించిరి. మొదట రెండే ప్రతులు అమ్ముడుపోయెను. ఆ యేడు ఆగస్టులో తండ్రి కంటికి శస్త్రచికిత్స చేయించుటకు షార్లెట్ ఆయనను మాంచెస్టరుకు తీసికొనిపోయెను. ఆయన చీకటి గదిలో కట్టు కట్టుకొని పండుకొనియుండగా, ఆమె ప్రక్కన కూర్చుండి క్రొత్త నవల మొదలుపెట్టెను. అదియే 1847 అక్టోబరులో వెలువడిన జేన్ ఐర్.

ఆ కథలో జేన్ తల్లిదండ్రులు లేని బీద ఉపాధ్యాయురాలు. యజమానుడు రాచెస్టరు ఆమెను ప్రేమించును, ఆమెయు ఆయనను ప్రేమించును. పెండ్లినాడు దేవాలయములో, ఆయనకు మతి చలించిన భార్య బ్రదికియున్నదని బయటపడును. ఆయన బ్రతిమాలినను, జేన్ తెల్లవారకమునుపే చేత చిల్లిగవ్వ నిలువకుండ ఆ యిల్లు విడిచి పోవును. తరువాత సెయింట్ జాన్ అను భక్తిగల గురువు, భారతదేశములో మిషనెరీ పనికి తోడుగా రమ్మని ఆమెను పెండ్లాడగోరును. ఆయనకు ఆమెపై ప్రేమ లేదు, పనికివచ్చు తోడు మాత్రము కావలెను. చెల్లెలివలె వచ్చెదను గాని భార్యగా రానని జేన్ చెప్పును. వివాహము లేని ప్రేమకు కాదనెను. ప్రేమ లేని వివాహమునకును, దైవసేవ పేరట అడిగినను, కాదనెను. చివరకు భార్య మరణించి, చూపును ఒక చేతిని పోగొట్టుకొనిన రాచెస్టరునొద్దకు తిరిగివచ్చి అవునని చెప్పును.

పుస్తకము గొప్ప పేరు పొందెను. కాని 1848 సెప్టెంబరులో తమ్ముడు, డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో ఆన్ మరణించిరి. తొమ్మిది నెలలలో ఇల్లు శూన్యమాయెను. వృద్ధుడైన తండ్రి, షార్లెట్ మాత్రమే మిగిలిరి. షర్లీ, విలెట్ అను నవలలు ఆమె ఆ యొంటరితనమందే ముగించెను.

తండ్రికి సహాయ గురువుగానున్న ఆర్థర్ బెల్ నికోల్స్ 1852 డిసెంబరులో ఆమెను పెండ్లికి అడిగెను. జీతము స్వల్పమైన ఇతనికి ప్రఖ్యాతి గాంచిన తన కుమార్తెనా అని తండ్రి మండిపడెను. ఆమె తండ్రి మాటకు లోబడి నిరాకరించెను. 1853 పెంతెకొస్తు దినమున సంస్కారము ఇచ్చుచు ఆమె యెదుటికి వచ్చినప్పుడు నికోల్స్‌గారికి సంఘము ముందరనే గొంతు పెగలలేదు. ఆయన ఊరు విడిచిపోయెను. ఆమె మనస్సు మెల్లగా ఆయనవైపు తిరిగెను. ఆమె పారిపోలేదు, తండ్రిని విడువలేదు. ఓపికతో నచ్చజెప్పి, 1854 ఏప్రిల్‌లో సమ్మతి పొందెను. జూన్ 29వ తేదీన పెండ్లి జరిగెను. తీరా సమయమునకు తండ్రి దేవాలయమునకు రానని చెప్పగా, ఆమె పూర్వపు ఉపాధ్యాయురాలు కన్యాదానము చేసెను.

వారి కాపురము తొమ్మిది నెలలే. అవి ఆమెకు సుఖదినములు. గర్భవతియై జబ్బుపడి 1855 మార్చి 31న, ముప్పది యెనిమిదవ యేట ప్రభువునందు నిద్రించెను. తక్కువవాడని తండ్రి త్రోసివేసిన ఆ అల్లుడే, ఆమెకిచ్చిన మాట తప్పక, 1861లో ఆ వృద్ధుడు మరణించువరకు ఆరేండ్లు అదే యింట ఆయనను సేవించెను.

ప్రియులారా, ఆదికాండము 24వ అధ్యాయములో రిబ్కా అన్నయు తల్లియు ఆమెను పిలిచి, ఈ మనుష్యునితో వెళ్లెదవా అని అడిగిరి. ఆమె తన నోటితో ఒప్పుకొనిన తరువాతనే పంపిరి. మన సంఘములలో పెండ్లికుమార్తెను ఇష్టమా అని అడుగునది తరచుగా పాదిరిగారే, అదియు పందిరి వేసి, బంధువులు కూడి, అన్నము వండిన తరువాత. ఆ వేళ కాదనుటకు ఏ బిడ్డకు ధైర్యముండును? ఆ ప్రశ్న మొదట ఇంటిలో, కట్నకానుకల మాటలకు ముందు అడుగవలెను. పిల్లలారా, మీరును షార్లెట్‌వలె తొందరపడక, తలిదండ్రులను త్రోసివేయక కనిపెట్టుడి. తలిదండ్రులారా, జీతమును చూచుచు మనుష్యుని చూడక పోకుడి.

మన బిడ్డల అవును అవునుగాను, కాదు కాదుగాను ఉండునట్లు ప్రభువు మన గృహములను దీవించును గాక. ఆమేన్.